గాలి చెప్పిన దారి, పోటు చెప్పిన వేళ

సముద్రం నడిమధ్యలో క్రికెట్ ఆడగలమా? ఆడవచ్చు. ఇంగ్లండు దక్షిణ తీరంలో ఏడాదికొకసారి ఆడుతున్నారు కూడా!

ఇంగ్లండు ప్రధాన భూభాగానికీ, దానికి దక్షిణంగా ఉన్న వైట్ ద్వీపానికీ నడుమ సోలెంట్ అనే జలసంధి ఉంది. దాని పొడవు సుమారు 32 కిలోమీటర్లు. వెడల్పు చాలాచోట్ల 4 నుంచి 8 కిలోమీటర్లు. ఈ జలసంధి మధ్యలో బ్రాంబుల్ బ్యాంక్ అనే ఇసుకదిబ్బ నీళ్ళలో మునిగి ఉంటుంది. సముద్రం బాగా వెనక్కు తీసే కొద్ది రోజులలో మాత్రమే అది కాసేపు బయటపడుతుంది. అటువంటి రోజు ఒకటి చూసుకొని, ఉత్తరపు ఒడ్డున ఉన్న హాంబుల్ నుంచి రాయల్ సదరన్ యాట్ క్లబ్ వారు, ద్వీపం ఒడ్డున ఉన్న కౌస్ నుంచి ఐలాండ్ సెయిలింగ్ క్లబ్ వారు పడవలెక్కి అక్కడికి చేరతారు. తడి ఇసుకలో వికెట్లు పాతి ఆట మొదలుపెడతారు. ఏ ఏడు ఎవరు గెలవాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ఒక ఏడు వీరు, మరొక ఏడు వారు! ఆటను ముగించేది అంపైరు కాదు, సముద్రం. నీరు మళ్ళీ పెరగగానే అందరూ పడవలెక్కి వెళ్ళిపోవలసిందే.

అదే దిబ్బ మీద 2008 నవంబరు 11న ‘క్వీన్ ఎలిజబెత్-2’ అనే మహానౌక చిక్కుకుంది. ఆ ఓడ పొడవు దాదాపు 294 మీటర్లు. టగ్గులు లాగితేగాని బయటపడలేదు. చూశారా! ఒకే ఇసుకదిబ్బ కొందరికి ఆటస్థలం, మరికొందరికి గండం.

ఈ సోలెంట్ తీరం వెంట మిత్రులతో కలిసి తెరచాప పడవలో తీరికగా తిరగడం అక్కడివారికి ఇష్టమైన సెలవుల కాలక్షేపం. ఇలా విహారానికి వాడే పడవను యాట్ అంటారు. పగలు కొంతదూరం ప్రయాణిస్తారు. సాయంత్రానికి ఏదో ఒక యాట్ క్లబ్ దగ్గర పడవ కట్టి, కబుర్లు చెప్పుకొని, మరునాడు మళ్ళీ బయలుదేరతారు. చూడడానికి అంతా తీరికే. కాని ఆ తీరిక వెనుక ఎంత లెక్క ఉందో, ఆ లెక్క తప్పితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మనం కూడా ఒక ఊహాయాత్ర చేయాలి. మీరూ, మీ మిత్రులు ముగ్గురూ పడవ ఎక్కండి. పడవ నడపడంలో ఆరితేరిన పెద్దాయన ఒకరు మీకు తోడుగా ఉంటారు. అందరూ లైఫ్ జాకెట్లు తొడుక్కోవాలి. అది మొదటి నియమం.

మన పడవ

మన పడవ పొడవు 9 మీటర్లు. నీటిని తాకే భాగం 8 మీటర్లు. నిలువుగా ఒక తెరచాప స్తంభం, దానికి వెనుక పెద్ద తెరచాప, ముందు చిన్న తెరచాప. వెనుక చుక్కాని. వీటన్నిటికన్న ముఖ్యమైనది కంటికి కనబడదు. అది పడవ అడుగున నీళ్ళలోకి రెక్కలాగా దిగి ఉంటుంది. దానిని ‘కీల్’ అంటారు. సీసంతోగాని ఇనుముతోగాని చేసిన బరువైన రెక్క అది. జాతరలో అమ్మే బొమ్మ ఒకటుంది. ఎటు తోసినా లేచి నిలబడుతుంది. దాని అడుగున బరువు ఉండటమే కారణం. గాలికి ఒరిగిన యాట్ మళ్ళీ లేచి నిలబడటానికి కూడా కీల్ బరువే కారణం. కీల్ చేసే రెండో పని ఏమిటో కాసేపటిలో చూద్దాం.

పడవ వేగాన్ని నాట్‌లలో చెబుతారు. గంటకు ఒక నాటికల్ మైలు వేగం ఒక నాట్. ఒక నాటికల్ మైలు అంటే 1852 మీటర్లు. ఈ వింత కొలత ఎందుకంటారా? భూగోళం మీద అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం దాదాపు ఒక నాటికల్ మైలు అవుతుంది. పటం మీద దూరం కొలవడానికి నావికుడికి ఇంతకన్న సులువైన కొలబద్ద లేదు.

‘నాట్’ అంటే ముడి. పూర్వం ఓడవాళ్ళు ఒక చెక్కముక్కకు పొడవైన తాడు కట్టి నీళ్ళలో వేసేవారు. తాడుకు సుమారు 14.4 మీటర్లకొక ముడి ఉండేది. ఇసుక గడియారంలో 28 సెకన్లు గడిచేలోగా ఎన్ని ముడులు చేతిలోనుంచి జారితే ఓడ వేగం అన్ని నాట్‌లు. 14.4ను 28తో భాగించి చూడండి. సెకనుకు సుమారు 0.51 మీటర్లు వస్తుంది. 1852ను 3600తో భాగించినా అంతే వస్తుంది!

మన పడవ మామూలుగా 5 నాట్‌ల వేగంతో పోతుంది. బాగా గాలి ఉన్నా 7 నాట్‌లు దాటడం కష్టం. కదిలే పడవ తన ముందు ఒక అలను లేపుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ అల పొడుగవుతుంది. అల పొడవు పడవ పొడవంత అయినప్పుడు పడవ తాను లేపిన అలనే ఎక్కవలసి వస్తుంది. అందుకే పొడవు ఎక్కువైన పడవకు ఎక్కువ వేగం సాధ్యమవుతుంది. ఏమైనా మన వేగం సైకిలు వేగం మించదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

మొదటి రోజు: గాలికి ఎదురుగా

హాంబుల్ నది ముఖం నుంచి కౌస్ సుమారు 5 నాటికల్ మైళ్ళు, దాదాపు సూటిగా దక్షిణాన ఉంది. ఈ రోజు గాలి కూడా దక్షిణం నుంచే వీస్తోంది. అంటే మనం పోవలసిన చోటు నుంచే గాలి వస్తోంది. మరి పోవడం ఎలా?

గాలి తెరచాపను వెనుకనుంచి తోస్తేనే పడవ కదులుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. ఒక చిన్న ప్రయోగం చేయండి. తడి పుచ్చగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. గింజ చివ్వున ముందుకు దూకుతుంది. మీరు నొక్కింది రెండు పక్కలనుంచి. గింజ పోయింది ముందుకు. ముందుకు తోసిన వేలు ఏదీ లేదు!

పడవ విషయంలో ఆ రెండు వేళ్ళు గాలీ, నీరూ. పడవను సూటిగా గాలికి ఎదురుగా కాక, సుమారు 45 డిగ్రీలు పక్కకు తిప్పుతారు. తెరచాపను ఒంపు తిరిగేటట్లు బిగిస్తారు. దానికి తగిలిన గాలి దారి మళ్ళి పడవ వెనుకవైపుకు పోతుంది. తెరచాప గాలిని ఒకవైపుకు తోస్తే, గాలి తెరచాపను రెండోవైపుకు తోస్తుంది. న్యూటన్ మూడో సూత్రం మీకు తెలిసిందే. ఈ తోపులో ఎక్కువ భాగం పడవను పక్కకు నెట్టేది, కొద్ది భాగం మాత్రమే ముందుకు నడిపేది. పక్కకు జరగనీయకుండా అడ్డుకొనేది నీళ్ళలో దిగిన కీల్. ఇదే దాని రెండో పని. పక్కకు దారి లేదు కనుక, మిగిలింది ముందుకు దారే.

ఇలా కొంతసేపు ఆగ్నేయానికి, తరువాత మలుపు తిప్పి కొంతసేపు నైరుతికి పోతూ, కొండమీది ఘాట్ రోడ్డులాగా వంకరటింకరగా గాలికి ఎదురెక్కుతారు. దీనికి ఖర్చు ఎంత? చతురస్రంలో కర్ణం వెంట పోవలసినవాడు రెండు భుజాల వెంట పోయినట్లు. 5 మైళ్ళ దూరానికి సుమారు 7 మైళ్ళు పోవాలి. ఒక గంట ప్రయాణం గంటా 25 నిమిషాలవుతుంది. మొదటి లెక్క ఇది: పటం మీద దూరం వేరు, గాలి పెట్టే దూరం వేరు.

కౌస్‌లో సాయంకాలం

కౌస్ చిన్న ఊరే. కాని యాట్ పందాల ప్రపంచంలో దానికి చాలా పెద్ద పేరు. 1815లో లండన్‌లో ‘యాట్ క్లబ్’ అన్న పేరుతో మొదలై, 1833 నుంచి రాయల్ యాట్ స్క్వాడ్రన్‌గా పిలవబడుతున్న సంస్థ ఇక్కడి పాత కోటలో ఉంది. 1826 నుంచి ఇక్కడ పడవల పందాలు జరుగుతున్నాయి. 1851లో ‘అమెరికా’ అనే పడవ అట్లాంటిక్ దాటి వచ్చి, వైట్ ద్వీపాన్ని చుట్టే పందెంలో ఇంగ్లండు పడవలను ఓడించింది. అది గెలిచిన వెండి పాత్రే ‘అమెరికాస్ కప్’ అయింది.

క్లబ్ అనగానే పేకాటా, విందులూ అనుకోకండి. దూరంనుంచి వచ్చిన పడవవాడికి యాట్ క్లబ్ ఒక సత్రం వంటిది. చాలా క్లబ్బులలో పడవ కట్టుకోవడానికి చోటు, స్నానానికి వేడినీళ్ళు ఉంటాయి. గోడకు భారమితి, బల్లమీద ఆటుపోట్ల పట్టిక, పక్కనే వాతావరణ సూచన. అన్నిటికన్న విలువైనది, ఆ నీళ్ళలో ముప్ఫై, నలభై ఏళ్ళుగా తిరిగిన పెద్దల మాట.

మన హైదరాబాదు, సికింద్రాబాదుల నడుమ హుస్సేన్‌సాగర్‌లో కూడా తెరచాప పడవలు నేర్పే క్లబ్బులున్నాయి. అక్కడ ఎందరో బాలబాలికలు పడవ నడపడం నేర్చుకుంటున్నారు. అయితే చెరువులో గురువు ఒక్కరే, గాలి. సముద్రంలో గురువులు ఇద్దరు. రెండో గురువును రేపు కలుసుకుందాం.

రెండో రోజు: కదిలే నేల

నేడు కౌస్ నుంచి పడమటగా ఉన్న యార్మత్‌కు ప్రయాణం. దూరం సుమారు 9 నాటికల్ మైళ్ళు. గాలి దక్షిణం నుంచే వీస్తోంది కనుక ఎడమపక్క నుంచి తగులుతుంది. వంకరదారి అవసరం లేదు. తెల్లవారగానే పోదామని మీరంతా తొందరపడుతున్నారు. పెద్దాయన పట్టిక చూసి, “ఉదయం కాదు, మధ్యాహ్నం” అన్నారు. ఎందుకు?

చంద్రుడూ, సూర్యుడూ సముద్రాన్ని ఆకర్షించడం వల్ల పోటూ పాటూ వస్తాయని చదువుకున్నారు కదా. ఒక పోటుకూ మరొక పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అమావాస్య, పున్నమల తరువాత ఒకటి రెండు రోజులకు సూర్యచంద్రుల బలం కలిసి పెద్ద పోటు, పెద్ద పాటు వస్తాయి. ఇవే పర్వవేలలు. అష్టమి నాళ్ళకు అవి చిన్నవవుతాయి. మార్చి, సెప్టెంబరు నెలలలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర పర్వవేలలు మరీ పెద్దవి. క్రికెట్ ఆడేవారు చూసుకొనేది ఇటువంటి పాటునే.

విశాఖపట్నంలో పర్వవేలలప్పుడు పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. సౌతాంప్టన్‌లో సుమారు 4 మీటర్లు. అంత నీరు ఒక ఇరుకు జలసంధిలోకి రావాలి, పోవాలి. అందువల్ల సోలెంట్ నీరు నదిలాగా సుమారు ఆరు గంటలు తూర్పుకు, ఆరు గంటలు పడమటికి ప్రవహిస్తుంది. పర్వవేలలప్పుడు ఆ వేగం చాలాచోట్ల 3 నాట్‌ల వరకు ఉంటుంది. పడమటి కొసలో హర్స్ట్ కోట దగ్గర జలసంధి బాగా ఇరుకు. అక్కడ 4 నాట్‌లు దాటుతుంది.

మన పడవ వేగం సైకిలు వేగమని చెప్పుకున్నాం కదా. ఇప్పుడు లెక్క వేయండి. పడవ వేగం 5, ప్రవాహం 3.

ప్రవాహంతోపాటు పోతే: 5 + 3 = 8 నాట్‌లు. 9 మైళ్ళకు గంటా 8 నిమిషాలు.

ప్రవాహానికి ఎదురుగా పోతే: 5 – 3 = 2 నాట్‌లు. 9 మైళ్ళకు నాలుగున్నర గంటలు!

ఉదయం నీరు తూర్పుకు పారుతోంది. మధ్యాహ్నం పడమటికి తిరుగుతుంది. ఉదయమే బయలుదేరినవాడు నాలుగున్నర గంటలు కష్టపడతాడు. మధ్యాహ్నం దాకా టీ తాగుతూ కూర్చున్నవాడు గంటలో చేరుకుంటాడు. సోమరితనం అనుకున్నది నిజానికి తెలివి! గాలి మందగించి పడవ వేగం 3 నాట్‌లకు పడిపోతే, హర్స్ట్ దగ్గర ఇంకా విచిత్రం చూడవచ్చు. తెరచాపలు నిండుగా ఉంటాయి, పడవ నీటిని చీల్చుకొని ముందుకు పోతుంటుంది, ఒడ్డున కోట మాత్రం మెల్లమెల్లగా ముందుకు జరుగుతుంది. అంటే మీరు నేలను బట్టి చూస్తే వెనక్కు పోతున్నారన్నమాట.

రెండు తలల పోటు

సోలెంట్‌లో మరొక వింత ఉంది. సౌతాంప్టన్‌లో పోటు ఒకసారి పూర్తిగా వచ్చి, కాస్త తగ్గినట్లై, సుమారు రెండు గంటలకు మళ్ళీ ఒకసారి వస్తుంది. ఆ తరువాతే నీరు తీస్తుంది. అందువల్ల అక్కడ లోతైన నీరు చాలాసేపు నిలిచి ఉంటుంది. పెద్ద ఓడలకు ఇది గొప్ప వసతి. ‘టైటానిక్’ 1912 ఏప్రిల్ 10న బయలుదేరింది ఈ రేవునుంచే.

ఈ వింతకు కారణం ఏమిటి? సముద్రపు నీరు ద్వీపానికి పడమటి పక్కనుంచి ఒకసారి, తూర్పు పక్కనుంచి మరొకసారి రావడమే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. వినడానికి బాగానే ఉంది. కాని అది సరైన కారణం కాదు. ద్వీపం లేనిచోట్ల కూడా ఆ తీరంలో ఇటువంటి వింతలున్నాయి. పోర్ట్‌లండ్‌లో పాటు రెండుసార్లు వస్తుంది!

అసలు సంగతి తెలియాలంటే ఒక పొడవైన పళ్ళెంలో నీళ్ళు పోసి అటూ ఇటూ మెల్లగా ఊపండి. రెండు కొసలలో నీరు బాగా లేస్తుంది, పడుతుంది. నడుమ దాదాపు కదలదు. ఇంగ్లీషు ఛానల్ ఇటువంటి పళ్ళెమే. తూర్పున డోవర్ దగ్గర పెద్ద పోటు సమయానికి, పడమటి కొసలో నీరు తీసి ఉంటుంది. మధ్యభాగం వైట్ ద్వీపానికి పడమటగా పడుతుంది. అక్కడ అసలు ఊపు చిన్నది. ఇక, లోతు తక్కువైన నీటిలో పోటు అల తన ఆకారం మార్చుకుంటుంది. అల శిఖరం కింద లోతు ఎక్కువ, పల్లం కింద తక్కువ. అందుకని శిఖరం తొందరగా, పల్లం నెమ్మదిగా నడుస్తాయి. దానివల్ల రోజుకు నాలుగుసార్లు, ఆరుసార్లు లేచే చిన్న చిన్న ఊపులు పుడతాయి. పెద్ద ఊపు ఉన్నచోట ఇవి కనబడవు. డప్పు మోతలో మువ్వల సవ్వడి వినబడదు కదా. పెద్ద ఊపు తగ్గిన ఈ తీరంలో మాత్రం అవి బయటపడి, పోటు తలను రెండుగా చీలుస్తాయి.

మామూలు తీరాలలో నావికులు ‘పన్నెండో వంతుల సూత్రం’ వాడతారు. పాటునుంచి పోటుకు పట్టే ఆరు గంటలలో నీరు వరుసగా 1, 2, 3, 3, 2, 1 పన్నెండో వంతుల చొప్పున పెరుగుతుందని ఆ సూత్రం. డోవర్‌లో తేడా 6 మీటర్లయితే మొదటి గంటలో అర మీటరు, మూడో గంటలో ఒకటిన్నర మీటరు పెరుగుతుందన్నమాట. అదే సూత్రాన్ని సౌతాంప్టన్‌లో వాడితే పడవ ఇసుకలో కూరుకుపోవచ్చు. ఒకచోట నిజమైన సూత్రం మరొకచోట ఎందుకు పనిచేయదో తెలియడం కూడా విజ్ఞానమే.

మూడో రోజు: పోకపోవడం

యార్మత్ చేరాము. మరునాడు హర్స్ట్ ఇరుకు దాటి, నీడిల్స్ అనే సుద్దరాళ్ళ పక్కగా బయటి సముద్రంలోకి పోయి, పడమటగా ఉన్న పూల్ రేవుకు చేరాలని మన ఆలోచన.

రాత్రి క్లబ్బులో భారమితి చూస్తే పాదరసం తగ్గుతూ వస్తోంది. రేడియోలో వాతావరణ సూచన విన్నాం. ‘వైట్’ ప్రాంతానికి నైరుతి గాలి, బలం 6. ఈ అంకె 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ అనే నావికాధికారి రూపొందించిన కొలమానంలోది. బలం 4 అంటే 11 నుంచి 16 నాట్‌ల గాలి, విహారానికి మంచిది. బలం 6 అంటే 22 నుంచి 27 నాట్‌లు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. తెరచాపలో కొంత మడిచి చిన్నది చేసుకోవచ్చు. కాని ఇక్కడ గాలి ఒక్కటే కాదు చిక్కు.

మనం పడమటికి పోవాలంటే పడమటికి పారే ప్రవాహం కావాలి. లేకపోతే హర్స్ట్ దాటలేం. ఆ ప్రవాహం నీడిల్స్ దగ్గర నైరుతి వైపుకు దూసుకుపోతుంది. రేపటి గాలి వచ్చేది సరిగ్గా నైరుతి నుంచే. ప్రవాహానికి గాలి ఎదురైతే ఏమవుతుంది? ముందున్నవాళ్ళను ఎవరో వెనక్కు తోస్తే వెనుకవాళ్ళు వచ్చి మీదపడి జనం కిక్కిరిసినట్లు, ఎదురు ప్రవాహంలో అలలు దగ్గరదగ్గరగా నొక్కుకుంటాయి. పొడవు తగ్గుతుంది, ఎత్తు పెరుగుతుంది. గోడలాగా నిటారై విరిగిపడతాయి. అదే గాలి ప్రవాహంతో కలిసి వీచినప్పుడు నీళ్ళు చాలా నెమ్మదిగా ఉంటాయి. ఒకే గాలి, ఒకే చోటు. ఆరు గంటల తేడాతో ఒకప్పుడు దారి, మరొకప్పుడు ప్రమాదం.

ఇంతలో మీ మిత్రుడొకడు, “నేను ఎల్లుండి ఉదయం పనిలో చేరాలి, ఎలాగైనా రేపే పోదాం” అంటాడు. తీరం వెంట జరిగే ప్రయాణాలలో అసలు ప్రమాదం తరచుగా ఈ మాటతోనే మొదలవుతుంది. క్యాలెండరుకు సముద్రం సంగతి తెలియదు, సముద్రానికి క్యాలెండరు సంగతి తెలియదు.

కౌస్ నుంచి బయలుదేరిన ఒక పందెం కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1979 ఆగస్టు 11న 303 యాట్‌లు ఐర్లండు దగ్గర ఉన్న ఫాస్ట్‌నెట్ శిలను చుట్టిరావడానికి బయలుదేరాయి. 13వ తేదీ రాత్రి, సూచనలలో చెప్పినదానికన్న ఎంతో తీవ్రమైన తుపాను వారిని తాకింది. 15 మంది పోటీదారులు ప్రాణాలు కోల్పోయారు. 24 పడవలను అందులోనివారు వదిలిపెట్టారు. వాటిలో మునిగినవి 5. మిగిలిన 19 తరువాత తేలుతూనే దొరికాయి! పడవ నిజంగా మునిగిపోయేదాకా దానిని వదలవద్దన్న పాఠం ఆ రాత్రి ఎంతో ఖరీదు పెట్టి నేర్చుకున్నది. ఆ నావికులు అనుభవం లేనివారు కారు. అనుభవం ఉన్నవారినే అంత కష్టపెట్టిన సముద్రం దగ్గర తొందర పనికిరాదు.

సూచనలు మొదలైంది కూడా ఒక విషాదం తరువాతే. 1859 అక్టోబరులో ‘రాయల్ చార్టర్’ అనే ఓడ తుపానులో పగిలి 400 మందికి పైగా మరణించారు. డార్విన్ ప్రయాణం చేసిన ‘బీగిల్’ ఓడకు కెప్టెన్‌గా పనిచేసిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ అప్పటికి వాతావరణ శాఖకు అధిపతి. ఆయన టెలిగ్రాఫు ద్వారా తీరమంతటి సమాచారం సేకరించి, 1861 ఫిబ్రవరిలో తుపాను హెచ్చరికలు పంపడం ప్రారంభించాడు. రేవులలో స్తంభాలకు గుర్తులు ఎగురవేయించాడు. తుపాను రోజులలో విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవులలో ‘ప్రమాద సూచిక ఎగురవేశారు’ అని వింటూంటారు కదా. ఆ పద్ధతికి మూలం అటువంటి గుర్తులే.

ఇక మన సంగతి. పెద్దాయన నవ్వి, “రేపు పడవ కదలదు” అన్నారు. తొందరపడిన మిత్రుణ్ణి యార్మత్ నుంచి అవతలి ఒడ్డున లిమింగ్టన్‌కు పోయే పెద్ద ఫెర్రీ ఎక్కించారు. అక్కడినుంచి రైలు ఉంది. మిగిలినవారంతా క్లబ్బు కిటికీ దగ్గర కూర్చొని, హర్స్ట్ వైపు తెల్లగా విరుగుతున్న అలలను చూస్తూ కథలు చెప్పుకున్నారు. యాట్ క్లబ్ అసలు ప్రయోజనం ఇదే. ‘పోవద్దు’ అని నిర్ణయించుకోవడాన్ని అది సులువు చేస్తుంది. కూర్చోవడానికి వెచ్చని చోటు ఉన్నవాడు సాహసం పేరుతో తప్పు చేయడు.

నాలుగో రోజు

తెల్లవారేసరికి గాలి వాయవ్యానికి తిరిగి, బలం 3కు తగ్గింది. అల్పపీడనం దాటిపోయిన తరువాత అక్కడ సాధారణంగా ఇలాగే జరుగుతుంది. భారమితి పైకి లేస్తోంది. పట్టిక ప్రకారం ప్రవాహం పడమటికి తిరిగే వేళ చూసుకొని తాళ్ళు విప్పాం. హర్స్ట్ కోట పరుగున వెనక్కు పోయింది. గంట లోపున నీడిల్స్ తెల్లని శిలలు, వాటి కొసన 1859లో కట్టిన దీపస్తంభం ఎదుట నిలిచాయి. నిన్న ఇక్కడ విరిగిపడిన అలలేనా ఇవి అనిపించింది.

మిత్రులారా! గాలిని మనం ఆజ్ఞాపించలేం. పోటును ఒక్క నిమిషం కూడా ముందుకు జరపలేం. కాని వాటి నియమాలు తెలుసుకొని, అవి మనవైపు ఉన్న వేళను ఎంచుకోగలం. సైకిలు వేగంతో పోయే చిన్న పడవ సముద్రం మీద తిరిగి క్షేమంగా ఇల్లు చేరుతున్నదంటే అది బలం వల్ల కాదు, ఎదురుచూడటం తెలిసినందువల్ల.

మీరే లెక్క వేయండి

1. పడవ వేగం 4 నాట్‌లు, ప్రవాహం 3 నాట్‌లు. 6 నాటికల్ మైళ్ళు పోవడానికి ప్రవాహంతోపాటు ఎంతసేపు, ఎదురుగా ఎంతసేపు?

2. విశాఖపట్నం అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు ఉత్తరం. కౌస్ అక్షాంశం సుమారు 50.8 డిగ్రీలు ఉత్తరం. కౌస్ మనకన్న ఎన్ని నాటికల్ మైళ్ళు ఉత్తరంగా ఉంది?

3. గాలి వేగం 10 నాట్‌ల నుంచి 30 నాట్‌లకు పెరిగితే తెరచాప మీద ఒత్తిడి ఎన్ని రెట్లవుతుంది?

జవాబులు: 1. సుమారు 51 నిమిషాలు, 6 గంటలు. 2. సుమారు 1986. 3. తొమ్మిది రెట్లు.